ఉద్దానం చరిత్రలో చెరసాల

ఉద్దానాన్ని కొబ్బరి, జీడి, పనస తోటల సీమగా వర్ణించడం పరిపాటి. పూండి, పలాస, మందస పరిసర గ్రామాల ఆధునిక చరిత్రను మాత్రం అరెస్టు, విచారణ, కారాగారవాసాల క్రమంలోనూ పరిశీలించవలసి ఉంది.

మందస జమీందారీలో అడవి కలపపై హక్కు కోసం సాగిన రైతు పోరాటం ఇందుకు తొలి నిదర్శనం. 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో, అరెస్టు చేసిన రైతులను పోలీసులు తరలించకుండా గ్రామస్థులు అడ్డుకున్నారు. కాల్పుల్లో సాసుమాను గున్నమ్మతో సహా ఐదుగురు మరణించారు.

శ్రీకాకుళం గిరిజన రైతాంగ పోరాటం 1968 నవంబరులో గరుడభద్ర ఘటనతో ఉద్దానంలో ఉద్ధృతమైంది. బొడ్డపాడుకు చెందిన పంచాది కృష్ణమూర్తి 1969 మేలో పోలీసు కాల్పుల్లో మరణించారు. అనంతరం పార్వతీపురం కుట్రకేసు నడిచింది. నాగభూషణ పట్నాయక్ 1969లో విశాఖ కేంద్ర కారాగారం నుంచి తప్పించుకున్నారు. తిరిగి పట్టుబడ్డాక పడిన మరణశిక్ష తరువాత యావజ్జీవంగా మారింది. ఇదే కేసులో ముద్దాయి అయిన కానూ సన్యాల్ 1977లో విడుదలయ్యారు.

విశాఖ చెరసాల ఈ గ్రామాలకు ఎంతో దూరం. ఖైదీ కుటుంబానికి ములాఖత్ అంటే ప్రయాణం, ఖర్చు, పోయిన కూలి. స్తూపాలు అమరుల పేర్లను నిలుపుకున్నాయి. విచారణ ఖైదీగా గడిచిన ఏళ్లకు, అన్నాళ్లూ సేద్యం మోసిన స్త్రీల శ్రమకు స్తూపాలు లేవు. కోర్టు దస్త్రాలను ఇంటింటి మౌఖిక కథనాలతో సరిపోల్చినప్పుడే ఉద్దానం చరిత్ర సమగ్రమవుతుంది. ఆ తరం సాక్షులు తరిగిపోతున్నందున ఈ పని ఇక వాయిదాకు తగదు.