పాత అంగి ఆన్‌లైన్ల అమ్ముడెట్ల, గిరాకితోని మాట్లాడుడెట్ల

పెండ్లికి కుట్టిచ్చిన సూటు ఎన్నిసార్లు ఏసుకుంటరు? ఒక్కసారి. మహా అయితే దోస్తు రిసెప్షన్‌కు ఇంకోసారి. అటెన్క అది కలరా ఉండల వాసన పట్టి బీరువల ఏండ్లకేండ్లు ఏలాడుతనే ఉంటది. ఈలోపు పెండ్లికొడుక్కు పొట్ట వస్తది, కోటు గుండీ పెట్టరాదు. రేగొండ మండలంల ఏ ఊరికి పోయి చూసినా గిసొంటి సూట్లు, షేర్వానీలు, కంపెనీ నౌకరికని కొన్న ఫార్మల్ అంగీలు, బిర్రు అయిన జీన్సులు మూలకు పడి ఉంటయి. అదే ఊర్ల ఇంటర్వ్యూకు పోదామంటే ఒక్క మంచి అంగి లేని పోరలు సుత ఉంటరు. ఈ ఇద్దరి నడుమ ఇప్పుడు ఫోను ఉన్నది.

పాత బట్ట చేతులు మారుడు కొత్త ముచ్చటేం కాదు. స్టీలు గిన్నెలు గంపల పెట్టుకొని వాడకట్టుకు వచ్చే ఆడోల్లకు మన అమ్మలు పాత చీరలు, ప్యాంట్లు ఇచ్చి ఓ గిన్నెనో తాంబాలమో తీసుకునేది. పనికిరానియి బొంతల కలిసేవి, ట్రాక్టర్ తుడిచే గుడ్డలయ్యేవి. హైదరాబాద్ల జుమ్మేరాత్ బజార్, ఎర్రగడ్డ సండే మార్కెట్ల మీద బతికినోల్లు ఎందరో. ఓఎల్ఎక్స్ కంపెనీ 2006ల పుట్టింది. ఒక్క బట్టలనే నమ్ముకొని 2008ల లిథువేనియా అనే చిన్న దేశంల వింటెడ్ మొదలైంది. ఇల్లు మారుతున్న ఓ అమ్మాయికి బట్టలు ఎక్కువై అమ్ముకుందామనుకుంటే ఆ ఆలోచన పుట్టిందట. అమెరికాది పోష్‌మార్క్ 2021ల మన దేశానికొచ్చి, రెండేండ్లు తిరగంగనే దుకాణం ఎత్తేసుకున్నది. మనకాడ ఇప్పుడు ఈ బేరం ఎక్కువ నడిచేది ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, ఇన్‌స్టా పేజీలు, వాట్సాప్ గ్రూపుల మీదనే.

ఇగ ఇజ్జత్ ముచ్చటకు వద్దాం. చానా మంది ఆగేది ఇక్కడనే. "విడిచిన బట్టలు అమ్ముకుంటున్నడు" అని ఊర్ల అంటరని అమ్మేటోనికి భయం, "ఎవనివో విడిచినయి ఏసుకున్నడు" అంటరని కొనేటోనికి భయం. ఈ భయం ఊరికెనే రాలే. మనుస్మృతి పదో అధ్యాయంల సేవ చేసే శూద్రునికి ఎంగిలి అన్నం, పాత బట్టలు ఇయ్యాలని ఉన్నది. చండాలురకు శవాల మీది బట్టలే కట్టుబట్టలని సుత అండ్లనే ఉన్నది. ఆ పుస్తకాన్నే అంబేద్కర్, ఆయన తోటోల్లు 1927 డిసెంబర్ 25న మహద్ల కాలవెట్టిండ్రు. అంబేద్కర్ సూటు బూటు ఏసుకొని నిలవడ్డది సోకుకు కాదని నేననుకుంట.

అయితే దొర విడిచిన అంగిని జీతగాని మీదికి పారేసుడు వేరు, ఓ అంగికి కొలత పెట్టి, ధర చెప్పి అమ్ముడు వేరు. పారేసిన అంగికి జీతగాడు "ఈ మరకేంది దొరా" అని అడగలేకపోయిండు. వద్దని సుత అనలేకపోయిండు. ఇయ్యాల గిరాకి అడుగుతడు. మరక చూపియ్యమంటడు, ధర తగ్గియ్యమంటడు, నచ్చకపోతే చెప్పకుంటనే పోతడు. అందుకే గిరాకి పది ప్రశ్నలు అడిగితే గుస్స రావద్దు. అడుగుడు ఆయన హక్కు.

ఆ ప్రశ్నలల్ల ఒకటి మనకు తప్పకుంట ఎదురైతది: "అన్నా, ఇవి సచ్చిపోయినోల్లవి కాదు గదా?" దీనికి నవ్వద్దు. పడమటి ఆఫ్రికాల ఘనా అనే దేశం ఉన్నది. యూరప్, అమెరికాల నుంచి బేళ్లకు బేళ్లు పాత బట్టలు వచ్చి దిగుతుంటే, ఇంత మంచి బట్టలు బతికున్నోడు ఎవడన్న విడుస్తడా అని వాళ్లు వాటికి "సచ్చిన తెల్లోని బట్టలు" అని పేరు పెట్టుకున్నరు. అక్రాల కాంటమాంటో మార్కెట్ అంత ఆ బట్టలదే. 2025 జనవరి మొదట్ల అది కాలిపోతే వేల కుటుంబాలు రోడ్డున పడ్డయి. అంటే ఈ అనుమానం మనొక్కరిదే కాదు. ఎవరు, ఎన్నిసార్లు ఏసుకున్నరో, ఎందుకు అమ్ముతున్నరో ఒక్క లైన్ల నిజం రాస్తే సరిపోతది: "మా తమ్మునిది, రిసెప్షన్‌కు ఒక్కసారి ఏసిండు, ఇప్పుడు పడతలేదు."

ఏం అమ్ముడుపోతదో ముందు చూసుకోవాలె. బనీన్లు, డ్రాయర్లు, సాక్సులు అస్సలు పెట్టద్దు. పోలీసు, ఆర్మీ, సింగరేణి డ్రెస్సుల జోలికి పోవద్దు. పెద్ద కంపెనీ లేబుల్ కుట్టిన డూప్లికేట్ మాల్‌ను ఒరిజినల్ అని అమ్మితే 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం కింద కేసు అయితది, "నేను సుత గట్లనే కొన్న" అంటే పోలీసోల్లు ఊకుంటరని నమ్మకం లేదు. కాలర్ లోపల నల్లగ జిడ్డు పట్టిన అంగి, తొడల కాడ రాసుకొని పలుచనైన ప్యాంటు ఎంత మంచి కంపెనీదైనా పోదు. పోయేవి సూట్లు, బ్లేజర్లు, షేర్వానీలు, మంచిగున్న ఫార్మల్ అంగీలు, జీన్సులు, చలికోట్లు. అన్నిటినీ వేడి నీళ్లల్ల ఉతికి, ఎండల ఆరేసి, ఇస్త్రీ చేసినంకనే ఫోటో. సూటు, బ్లేజర్, షేర్వానీలను మాత్రం నీళ్లల్ల ముంచద్దు, డ్రై క్లీనింగే. తామర, గజ్జి బట్టలతోని అంటుకుంటయని గిరాకికి తెలుసు. ఉతికినమని రాస్తే ఆ భయం సగం పోతది.

ఇప్పుడు సైజు. ఆన్‌లైన్ల పాత బట్టల లొల్లి మొత్తంల ఎక్కువ పాలు దీనిదే, అందుకే జర నిమ్మలంగ చదువుండ్రి. లూయి ఫిలిప్, వాన్ హ్యూసెన్, పీటర్ ఇంగ్లండ్ అసొంటి కంపెనీల ఫార్మల్ అంగి మీద 39, 40, 42 అని ఉంటది. మనోల్లు అది ఛాతి ఇంచులు అనుకుంటరు. కాదు. అది కాలర్ చుట్టుకొలత, సెంటీమీటర్లల్ల. 40 అంటే మెడ కాడ దాదాపు 15.75 ఇంచులు. టీషర్టు మీద 40 అని ఉంటే మాత్రం అది మామూలుగ ఛాతి ఇంచులే. ఒకే అంకె, రెండు అర్థాలు. గిరాకి "నాది 40 అన్నా" అంటే ఏ 40 అని అడగాలె.

లేబుల్‌ను నమ్ముకోకుంట టేపు పెట్టుడే మందు. అంగికి గుండీలన్ని పెట్టి, మంచం మీద కాదు, గట్టి బండ మీద పరిచి, ఒక సంక కింది నుంచి ఇంకో సంక కిందికి కొలవాలె. 21 ఇంచులు వస్తే అంగి చుట్టు 42 అన్నట్టు. ఒంటి ఛాతి 38 ఉన్నోనికి అది మంచిగ వదులు ఉంటది, 42 ఉన్నోనికి గుండీల కాడ నోరు తెరుస్తది. అటెన్క భుజం కుట్టు నుంచి భుజం కుట్టు దాక, చేతి పొడుగు, కాలర్ కింది నుంచి అంచు దాక పొడుగు. ప్యాంటుకు నడుము, సీటు, తొడ, లోపలి కాలు పొడుగు, మోరి. లేబుల్ల 32 ఉన్న జీన్సుకు టేపు పెడితే 33, 34 సుత రావచ్చు, కంపెనీలు గిరాకిని ఖుషీ చేసుడుకు గట్ల చేస్తయి. టైలర్ కుట్టిన ప్యాంటు అయితే ఎనుక కుట్టు కాడ లోపల ఎంత బట్ట మిగిలున్నదో సుత చెప్పాలె, విప్పి పెద్దగ చేసుకోవచ్చు గదా. సూటుకు చేతులు, నడుము టైలర్ సర్దుతడు గని భుజాలు తప్పినయంటే దాన్ని ముట్టుకోడు. కోటు కొనేటోనికి ఈ మాట ముందే చెప్పుండ్రి, ఓ బేరం పోయినా సరే.

టేపు బట్ట మీద ఉంచే ఫోటో తీయాలె. పగటి వెలుగుల, ఇంటి ముంగట, ఫిల్టర్ లేకుంట. ముందు, ఎనుక, కాలర్ లోపల, లేబుల్. అన్నిటికంటే పెద్ద ఫోటో తప్పుదే ఉండాలె: మరక, ఊసిపోయిన గుండీ, బీడి నిప్పు పడ్డ తుంట. ఆ తుంట పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీస్తే ఎంత పెద్దదో ఎవరు చెప్పాల్సిన పని లేదు. తప్పు చూసినంక కొన్న గిరాకి మల్ల లొల్లికి రాడు.

ధర ముచ్చట చిన్నదే. 1,800 పెట్టి కొన్న అంగి మంచిగనే ఉన్నదనుకో, 500 నుంచి 600 నడుమ పెట్టు. కొత్తదాని మీద ఆఫర్లు నడిచేటప్పుడు ఇంకా తగ్గుతది. సూటుకు కుట్టు కూలి తిరిగి రాదని ముందే మనసుకు చెప్పుకోవాలె. పెట్టిన ధర ఒకటి, మనసుల ఆఖరి ధర ఒకటి ఉండాలె.

"లాస్ట్ ఎంత?" అని వచ్చినోనికి బట్ట గురించి కాకుంట బేరం గురించే ఆత్రం. వానికి పెద్ద ఉత్తరం రాయొద్దు. "650 అన్నా, పార్సిల్ ఖర్చు మీదే. ఇయ్యాల్లనే తీసుకుంటే 600." అంతే. "200 ఇస్తా" అన్నోనితోని కొట్లాడొద్దు, "రాదన్నా" అని ఊకోవాలె. "పక్కకు పెట్టు, పత్తి పైసలు రాంగనే తీసుకుంట" అనేటోల్లు మనూరోల్లే ఉంటరు. ఉద్దెర ఇచ్చినా, పక్కకు పెట్టినా ఓ తారీఖు చెప్పి పెట్టాలె, దాటితే ఇంకొకరికి. ఇద్దరు ఒక్కటే అంగి అడిగితే ముందు పైసలు ఏసినోనిదే.

అమ్మేది ఆడివిల్ల అయితే మెసేజులు బట్ట దాటి పోతయి. చానా మంది చెల్లెండ్లు అన్న బట్టలు, మొగని బట్టలు అమ్ముతున్నరు. సొంత నంబర్ కాకుంట వేరే సిమ్ము మీద వాట్సాప్ బిజినెస్ పెట్టుకోవాలె. హద్దు దాటినోని చాట్ స్క్రీన్‌షాట్ తీసి బ్లాక్ చేయాలె. 2014 నుంచి షీ టీమ్స్ ఉన్నయి, వాళ్లకు ఇయ్యుండ్రి.

ఇగ అసలు గండం పైసలు తీసుకునే కాడ ఉన్నది. ఓ నంబర్ నుంచి ఫోన్ వస్తది, హిందీల మాట్లాడుతడు, ఆర్మీ జవాన్ని అంటడు, ఐడీ కార్డు ఫోటో పంపుతడు. బేరం అస్సలు చెయ్యడు. మూడేండ్ల పాత సూటును చూడకుంట, కొలత అడగకుంట చెప్పిన ధరకు కొంటున్నడంటే అక్కడనే అనుమానపడాలె. "క్యూఆర్ కోడ్ పంపిన, స్కాన్ చేసి పిన్ కొట్టు, పైసలు పడతయి" అంటడు. కొట్టినవా, మన ఖాతల నుంచి పోతయి. రాజస్థాన్ భరత్‌పూర్ దిక్కు నుంచి ఇసొంటి ముఠాలను మన పోలీసులు పట్టుకొచ్చిండ్రు, అయినా ఆగలేదు. 2016ల యూపీఐ వచ్చినప్పటి నుంచి సూత్రం మారలే: పిన్ కొట్టేది పైసలు ఇచ్చుడుకే, తీసుకునుడుకు పిన్ అక్కరలేదు. మనిషికి మనిషి పైసలు అడిగే కలెక్ట్ రిక్వెస్టులను ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్ 1 నుంచి బంద్ పెట్టింది, గని క్యూఆర్ మోసానికి అది అడ్డం కాదు.

రెండోది దొంగ స్క్రీన్‌షాట్. పైసలు పడ్డయని ఆయన పంపిన బొమ్మ చూసి పార్సిల్ కట్టద్దు, మన ఖాతల బ్యాలెన్స్ చూసుకోవాలె. మూడోది ఇంకా పాడుది. 600 ఏసే కాడ 6,000 ఏసిన, మిగిలినయి ఈ నంబర్‌కు పంపు అంటడు. ఒక్కోసారి ఉత్త మెసేజే ఉంటది, పైసలుండవు. ఒక్కోసారి నిజంగనే పడతయి, అవి ఇంకెవరినో ముంచి తెచ్చినయి అయితయి. నువ్వు పంపినవంటే ఆ దొంగ సొమ్ము నీ ఖాత మీది నుంచి నడిచినట్టు, రేపు బ్యాంకు నీ ఖాతనే ఆపుతది. ఆ పైసలు ముట్టుకోకుంట బ్యాంకుకు పోయి చెప్పాలె. మోసపోతే నామోషి పడి ఇంట్ల దాచద్దు. 1930కి అప్పటికప్పుడే ఫోన్ చేయాలె, గంటలు గడిచినా కొద్దీ పైసలు చేతులు మారిపోతయి.

దగ్గరోడైతే రేగొండ బస్టాండ్ల, పరకాల బస్టాండ్ల పట్టపగలు కలిసి, చూసుకొని, ఏసుకొని, పైసలిచ్చి తీసుకపొమ్మనుడే సుఖం. దూరపోనికి పోస్టాఫీసు స్పీడ్ పోస్టు ఉన్నది, 2025ల రిజిస్టర్ పోస్టు సుత అండ్లనే కలిసింది. ఆర్టీసీ 2020ల మొదలుపెట్టిన కార్గో బస్సులల్ల సుత పంపొచ్చు, గిరాకి వాళ్ల బస్టాండుకు వచ్చి తీసుకుంటడు. అంగి పావుకిలో లెక్క, జీన్సు అరకిలో దాటుతది, సూటు కిలో మీదనే. కట్టే ముందు తూకం ఏసి ఖర్చు చెప్పాలె. కట్టుడంత వీడియో తీసుకోవాలె, తప్పు చూపిచ్చి మరీ.

వాపసు సంగతి అమ్మకముందే రాసి పెట్టాలె. నేనైతే ఇట్ల అంట: నేను చెప్పిన కొలత తప్పయినా, చూపియ్యని మరక ఉన్నా పైసలు, రానుపోను ఖర్చు నావి. "నచ్చలే" అంటే వాపసు లేదు. సైజు పడకపోతే ఫోటోల టేపు ఉన్నది, అక్కడికి చూపియ్యాలె. ఇంట్ల వాడినయి అమ్ముకుంటే జీఎస్టీ గొడవ లేదు. ఊర్లల్ల కొని అమ్ముడే పని పెట్టుకుంటే మాత్రం లెక్క రాసుకోవాలె. పాత వస్తువుల యాపారానికి కొన్న ధరకు, అమ్మిన ధరకు నడుమ తేడా మీదనే పన్ను ఏసే పద్ధతి జీఎస్టీల ఉన్నది. "ఫారిన్ బేళ్లు, కిలోల లెక్క" అని ఇన్‌స్టాల అడ్వాన్స్ అడిగేటోల్లకు దూరం ఉండుండ్రి. వాడిన బట్టలు దేశంలకు తెచ్చుడుకు లైసెన్సు కావాలె, చూడకుంట కొన్న మూటల ఏమున్నదో విప్పినంకనే తెలుస్తది.

సూటు, షేర్వానీ పెట్టేది మాఘ మాసం ముహూర్తాలకు నెల ముందు. మల్ల ఎండాకాలం లగ్గాలకు. ఫార్మల్ అంగీలు కాలేజీ ఆఖరి పరీక్షలు అయినంక అడుగుతరు, జీన్సులు దసరాకు, కొడవటంచ జాతరకు ముందు. ఆషాఢంల, మూఢంల సూటు పెట్టి గిరాకి లేదని ధర తగ్గిచ్చుకోవద్దు. కవరేసి ఏలాడదీసి పెట్టుండ్రి, రెండు నెలలు ఆగినా దానికేం గాదు.