గోదావరి ఫర్నేస్, అట్ట మీద

ఫ్యాను ఆపేశారు. జూలై నెల, మధ్యాహ్నం, సబ్బవరంలో ఒక రేకుల వరండా. దూరంగా ఆనందపురం–అనకాపల్లి రోడ్డు మీద లారీల హోరు. మీ మెడ వెనక చెమట కారుతోంది. "ఉడికిపోతన్నాం పిన్నీ, ఒక్క నిమిషం ఫ్యానెయ్యవా" అని పన్నెండేళ్ల పిల్ల బతిమాలుతోంది. పిన్ని తలెత్తదు. "గాలి తగిల్తే దారాలు లేస్తాయే. కాసేపు ఓర్చుకో."

చాప మీద మీకూ చోటిచ్చారు. మధ్యలో గ్లూ గన్, దాని ముక్కు కింద పాత టైలు ముక్క, పక్కన గిన్నె నిండా చన్నీళ్లు. ముక్కు చివర ఒక చుక్క ఊరింది, వేలాడింది, టైలు మీద పడి చూస్తుండగానే మసకబారి గట్టిపడింది. చుట్టూ ఇల్లంతా గాలించి పోగేసిన సరంజామా: ఫ్రిజ్జు వచ్చిన పెట్టెలోంచి కోసిన అట్ట పలక, గుడ్ల అట్టలు, బంగారు అంచుల శుభలేఖలు, అగ్గిపెట్టెలు, హోటల్ పార్సిల్‌కి చుట్టి వచ్చిన ఫాయిల్, గోనె దారం, పాత ఈనాడు కట్ట. 1974 ఆగస్టు 10న ఆ పత్రిక తొలిసారి వెలువడింది విశాఖలోనే. తూకానికి పోవాల్సిన ఆ కట్టలోంచి ఇవాళ కొన్ని కాగితాలు స్టీల్ ప్లాంట్ కాబోతున్నాయి.

పిల్ల పట్టుబట్టి ఎంచుకున్న బొమ్మ అది. వాళ్ల నాన్న అక్కడ కాంట్రాక్టు పనికి వెళ్తాడు. విశాఖ ఉక్కులో బ్లాస్ట్ ఫర్నేసులకు పేర్లున్నాయి: గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. 1990లో మొదట రాజుకున్నది గోదావరి. పిల్లకి కావలసింది అదే.

ముందు గన్ ముట్టుకోనివ్వరు. స్టవ్వు మీద మైదా పిండి ఉడికించి చేసిన లై గిన్నెలో చల్లారుతోంది. పేపరు అంచుకి లై రాసి, చీపురు పుల్ల చుట్టూ బిగించి చుట్టి, పుల్ల లాగేస్తే గొట్టం మిగులుతుంది. ఒకటి మీరూ చుట్టండి. మొదటిది వదులుగా వస్తుంది, రెండోదానికి వేళ్లకి అలవాటవుతుంది. కాగితానికి కాగితం అంటించాలంటే లైయే, గన్ కాదు. ఈ ఇంట్లో అది చట్టం. దాని వెనక కారణముంది. పేపరు మిల్లులో పాత కాగితాన్ని నీళ్లలో నానబెట్టి గుజ్జు చేస్తారు. లై ఆ నీళ్లలో కలిసిపోతుంది. గన్‌లోంచి వచ్చే జిగురు ప్లాస్టిక్ జాతిది, ఇథిలీన్ వినైల్ ఎసిటేట్‌కి రెసిన్, మైనం కలిపి పోసిన కడ్డీ. అది నీళ్లలో కరగదు. ముక్కలై, మెత్తబడి, జల్లెళ్లకీ రోలర్లకీ అంటుకుంటుంది, కొత్త కాగితం మీద మచ్చలై, చిల్లులై తేలుతుంది. అంటే ఈ జిగురు పడ్డ కాగితం మళ్లీ కాగితమయ్యే దారి దాదాపు మూసుకుపోయినట్టే. గుప్పెడు పూలు అతికించి నెల తిరక్కుండా చెత్తబుట్టలో పడేసే పనికి దీన్ని వాడటం నాకు అన్యాయంగా కనిపిస్తుంది. గోడ మీద ఏళ్ల తరబడి నిలిచే పని అయితేనే గన్ వేడెక్కాలి.

పాత రోజుల్లో మన ఇళ్లలో చిత్తుకాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రోట్లో దంచి, కుండ బోర్లించి దాని మీద మెత్తి బుట్టలు చేసేవారు. మెంతుల జిగురే పట్టు, మెంతుల చేదే పురుగుకి మందు. అవి చివరికి మట్టిలో కలిసిపోయేవి. ఆ పద్ధతి తెలిసినవాళ్లు గన్‌ని ఆచితూచి వాడతారు.

ఇప్పుడు గన్ చేతికొచ్చింది. అట్ట మీద పెన్సిల్‌తో ఫర్నేసు ఆకారం ఉంది: కింద లావు, పైన సన్నం, పక్కన ఏటవాలుగా ఎక్కే కన్వేయర్. పిన్ని ట్రిగ్గర్ నొక్కి చెయ్యి కదపడం మొదలెట్టింది. మీరు ఆమె వేళ్లు కాదు, వేగం చూడండి. వాకిట్లో ముగ్గు పోసే చేతికి ఎక్కడ ఆగాలో, ఎక్కడ జారాలో తెలిసినట్టే ఈ చేతికీ తెలుసు. ఆగితే గీత ఉబ్బుతుంది, తొందరపడితే తెగుతుంది. ఈ గన్‌ని అతికించడానికి వాడేవాళ్లే ఎక్కువ, గీయడానికి వాడేవాళ్లు తక్కువ. దాని అసలు అందం గీతలోనే ఉంది. నీళ్లు లేని జిగురు కాబట్టి కాగితం ఉబ్బదు, ముడతలు పడదు. పోసిన గీత పోసినంత ఎత్తునే నిలబడుతుంది. గీత చివర గన్‌ని చిన్నగా తిప్పి ఎత్తుతోంది, తోక రాకుండా. ఎంత జాగ్రత్తపడ్డా గాలిలో ఒకటి రెండు సన్నటి పోగులు తేలుతున్నాయి. ఫ్యాను ఆపింది వీటి కోసమే.

రేకుల అతుకుల దగ్గర వరసగా చుక్కలు. అవి రివెట్లు. పిల్ల చిన్న గన్‌తో పెడుతోంది, నాలుక బయటపెట్టి. ఒక చుక్క వేలి మీద పడింది. "ఓలమ్మా!" వేలు సరాసరి గిన్నెలోకి. పిన్ని ఆ చెయ్యి పట్టుకుని నీళ్లలోనే ఉంచింది. "పీక్కు. తోలు ఊడొస్తాది. చల్లారనీ." మామూలు గన్‌లో జిగురు 190 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. గిన్నె లేకుండా ఈ పనికి కూర్చోకూడదు.

తర్వాతది చూడదగ్గ ఘట్టం. గట్టిపడ్డ గీతల మీద, వాటి సందుల్లో లై పూసి, నలిపి విప్పిన ఫాయిల్ పరిచారు. దూదితో మధ్యనుంచి అంచులకి ఒత్తితే లోపలి గీతలు ఒక్కొక్కటే పైకి తేలుతున్నాయి. రీఫిల్ అయిపోయిన పెన్ను మొనతో ప్రతి గీత పక్కనా నొక్కారు. ఆరాక నల్ల బూటు పాలిష్ పులిమి గుడ్డతో తుడిచేశారు. పల్లాల్లో నలుపు మిగిలింది, మిట్టలు మెరిశాయి. పార్సిల్ ఫాయిల్ ఏళ్లు పనిచేసిన ఉక్కయింది. మీరు వేలితో తడిమి చూస్తారు, తడమకుండా ఉండలేరు.

ఈ జిల్లాకి వేడితో కరిగే జిగురు కొత్త కాదు. 2022లో అనకాపల్లి జిల్లా ఏర్పడినప్పుడు సబ్బవరమూ ఏటికొప్పాకా రెండూ అందులోకే వచ్చాయి. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో, బొమ్మలు చేయడానికి, తిరిగే అంకుడు కర్రకి లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పడుతుంది, మొగలి ఆకుతో రుద్దితే నిగ్గు తేలుతుంది. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు దక్కింది, 2023లో ఆ ఊరి కళాకారుడు సి.వి. రాజుగారికి పద్మశ్రీ వచ్చింది. లక్క పురుగు ఇచ్చిన జిగురు అది, ఫ్యాక్టరీ పోసిన జిగురు ఇది. చేతికి కావలసిన ఓర్పు మాత్రం రెండింటికీ ఒకటే.

నాలుగైంది. పొద్దుటి షిఫ్టు దిగి పిల్ల నాన్న వచ్చాడు. చెప్పులు విప్పకుండానే వంగి చూశాడు. ఫర్నేసు నడుం దగ్గరనుంచి నారింజ రంగు పూసిన జిగురు ధార కిందికి జారుతోంది, కరిగిన ఇనుము.

"ఇక్కడనుంచి రాదమ్మా. పైనుంచి ఖనిజం, కోక్ ఏస్తారు. ఇనుము అడుగునుంచి వస్తాది. ట్యాప్ హోల్ కిందకుంటాది."

"మరి పిన్నీ! అంటుకుపోయింది కదా?"

"అంటుకుంటే ఏటి? కరిగిందే కదా, మళ్లీ కరుగుతాది."

పిల్ల వేడి ముక్కుని ధార మీద ఆనించింది. జిగురు మెత్తబడింది. చీపురు పుల్లతో ఎత్తితే ధార లేచొచ్చింది, కొంచెం ఫాయిల్ చిరిగింది. ఆ చిరుగు మీద అగ్గిపెట్టె ముక్క తలుపై కూర్చుంది. అడుగున కొత్త ధార మొదలైంది, ఈసారి నెమ్మదిగా.

"స్లాగ్ పక్కకి పోతాది, దానికి వేరే కాలవుండాలి" అన్నాడు నాన్న, ఇప్పుడు చాప మీద కూర్చుని.

"ఐతే ఇంకో కడ్డీ అందుకో నాన్నా."