పిఠాపురం నుంచి ప్రివీ కౌన్సిల్ దాకా

1872 నాటి భారత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం 2024 జూలై 1న అమలులోకి వచ్చింది. పాత చట్టంలోని 167 సెక్షన్లు కొత్తదానిలో 170 అయ్యాయి, అంకెలు మారాయి, వరుస మారింది. అయితే నేర విచారణలో దేన్ని సాక్ష్యంగా వినాలి, దేన్ని కోర్టు గడప దాటనివ్వకూడదు అన్న మూలసూత్రాలు చాలావరకు చెక్కుచెదరలేదు. వాటిలో రెండింటికి నేటికీ చెల్లుతున్న అర్థం తెలుగువారి కేసుల్లోనే స్థిరపడింది. ఒకటి పిఠాపురంలో భార్యకు చెప్పి రైలెక్కిన ఒక బంట్రోతు మాటతోనూ, మరొకటి పల్నాటి గడ్డివాములో దాచిన బరిసెతోనూ ముడిపడి ఉన్నాయి. న్యాయశాస్త్ర విద్యార్థులు కంఠస్థం చేసే ఈ కేసులను ఏటా జూలై 1 వచ్చినప్పుడైనా తెలుగు పాఠకులు తలచుకోవడం సముచితం.

నేరాన్ని రుజువు చేయవలసిన అవసరం ఈ నేలకు కొత్తగా వచ్చినది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం నాలుగో అధికరణంలో ‘ఆశుమృతక పరీక్ష’ అనే అధ్యాయమే ఉంది. హఠాత్తుగా మరణించినవాని శవానికి నూనె పూసి పరీక్షించాలనీ, విషప్రయోగమన్న అనుమానం ఉంటే మృతుడు తినగా మిగిలిన ఆహారాన్ని పక్షులకు పెట్టి చూడాలనీ అది నిర్దేశించింది. యాజ్ఞవల్క్య స్మృతి రుజువులను లిఖితం, భుక్తి, సాక్షులు అని మూడుగా విభజించింది. లిఖితమంటే పత్రం, భుక్తి అంటే అనుభవంలో ఉండటం; ఈ మూడూ లేనప్పుడు మాత్రమే త్రాసు, అగ్ని, నీరు, విషం, కోశం అనే ఐదు ‘దివ్యాల’ను, అంటే దైవం మీద భారం వేసే పరీక్షలను ఆశ్రయించమన్నది. ఆ స్మృతికి కల్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు మితాక్షర అనే వ్యాఖ్య రాయగా, దాన్ని తిక్కన సమకాలికుడైన కేతన 13వ శతాబ్దంలో ‘విజ్ఞానేశ్వరీయము’ పేరిట తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ధర్మశాస్త్రాన్ని సంస్కృతం రానివారికి అందుబాటులోకి తెచ్చిన ఆ కవికి దక్కవలసినంత గౌరవం ఇప్పటికీ దక్కలేదు.

కేతన తరువాతి ఐదారు శతాబ్దాలను ఒక్క అంగలో దాటి 19వ శతాబ్దానికి వస్తే, సాక్ష్య చరిత్రలో అత్యంత బాధాకరమైన పత్రం మద్రాసు రాజధానిలోనే కనిపిస్తుంది. పన్ను వసూలు కోసం, నేరాన్ని ఒప్పించడం కోసం కింది స్థాయి ఉద్యోగులు ప్రజలను హింసిస్తున్నారన్న ఆరోపణలపై నియమితమైన కమిషన్ 1855లో నివేదిక సమర్పించింది. చేతివేళ్ళను కర్రల మధ్య పెట్టి బిగించే ‘కిట్టి’, మనిషిని నడుము దగ్గర వంచి మెడను కాళ్ళకు కట్టి అలాగే నిలబెట్టడం వంటి పద్ధతులను ఆ కమిషన్ నమోదు చేసింది. అటువంటి బాధలో నోటి నుంచి వెలువడిన మాట నిజం గురించి చెప్పేది ఏమీ ఉండదు, నొప్పి గురించే చెబుతుంది. పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారాన్ని నిందితునిపై రుజువుగా వాడరాదన్న నియమం 1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోకి రావడానికీ, అక్కడి నుంచి 1872 చట్టంలో 25వ సెక్షన్‌గా కుదురుకోవడానికీ వెనుక ఈ అపనమ్మకమే ఉంది. ఎంత సాక్ష్యం సేకరించగలిగిందన్న దానికంటే, ఎటువంటి సాక్ష్యాన్ని చేతికి అందినా వద్దనగలిగిందన్న దానిలోనే ఒక న్యాయవ్యవస్థ ఎదుగుదల తెలుస్తుంది.

ఆ చట్టాన్ని రూపొందించినవాడు గవర్నర్ జనరల్ కౌన్సిల్‌లో న్యాయ సభ్యుడైన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. 1872 సెప్టెంబరు 1న అమలులోకి వచ్చిన ఆ చట్టం మౌఖిక సాక్ష్యాన్నీ పత్ర సాక్ష్యాన్నీ వేరుచేసింది. కన్నవాడు కన్నదాన్నీ, విన్నవాడు విన్నదాన్నీ స్వయంగా కోర్టుకు వచ్చి చెప్పాలన్నది. ఎవరో చెప్పగా విన్న సంగతిని మరొకరు వచ్చి చెప్పడాన్ని వినికిడి సాక్ష్యం అంటారు, దానికి సాధారణంగా విలువ లేదు. ఎందుకంటే అసలు చెప్పినవాణ్ణి బోనెక్కించి ఎదురు ప్రశ్నలు వేసే అవకాశం ప్రతిపక్షానికి ఉండదు. నేరాన్ని చూసినవారే లేనప్పుడు చుట్టూ ఉన్న సంగతులను ఒకదానికొకటి గొలుసుగా కలిపి నేరస్థుని దాకా చేరడాన్ని సందర్భానుసార సాక్ష్యం అంటారు.

వస్తువుల చేత సాక్ష్యం చెప్పించడంలో బెంగాల్ ముందు నడిచింది. 1858లో జంగీపూర్‌లో విలియం హెర్షెల్ ఒక కాంట్రాక్టు కాగితంపై సంతకంతోపాటు అరచేతి ముద్ర వేయించిన ప్రయోగం, 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పాటుతో ఒక శాస్త్రంగా నిలదొక్కుకుంది. లక్షల ముద్రల్లో కావలసినదాన్ని వెదకి తీయడానికి వాటిని 1,024 గళ్ళలో సర్దే వర్గీకరణ పద్ధతికి ఎడ్వర్డ్ హెన్రీ పేరు నిలిచింది గాని, దాని వెనుక గణితపు పని అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అనే ఇద్దరు భారతీయ ఉద్యోగులది. జల్పాయిగుడి జిల్లాలో ఒక తేయాకు తోట మేనేజరు హత్యకు గురైనప్పుడు, ఆయన పెట్టెలో దొరికిన బెంగాలీ పంచాంగం మీది మరక పాత నౌకరు బొటనవేలి ముద్రతో సరిపోయింది. అయినా కోర్టు హత్యారోపణను రుజువైనట్లు భావించక, దొంగతనానికి మాత్రమే శిక్ష వేసింది. ఆ వేలు పెట్టెను తాకిందని ముద్ర చెప్పింది గాని, ప్రాణం తీసిందని చెప్పలేదు.

వీటన్నిటికీ మించి ఆలోచింపజేసేది 1937 నాటి పిఠాపురం బంట్రోతు ఉదంతం. పిఠాపురం దివాన్ దగ్గర పనిచేసే దాదాపు నలభై ఏళ్ళ ఆ మనిషి కొద్దికొద్దిగా కూడబెట్టిన సొమ్మును వడ్డీకి తిప్పేవాడు. దివాన్ కుమార్తెల్లో ఒకరి భర్త పాకాల నారాయణస్వామి. ఆ దంపతులు కొన్నాళ్ళు 250 మైళ్ళ దూరాన ఉన్న బరంపురంలో, కొన్నాళ్ళు పిఠాపురంలో నివసించారు. 1936లో ఆ కుమార్తె ఈ బంట్రోతు దగ్గర విడతలవారీగా దాదాపు 3,000 రూపాయలు 18 శాతం వడ్డీకి అప్పు తీసుకున్నారు. ఆ లావాదేవీలకు సంబంధించి ఆమె సంతకంతో ఉన్న సుమారు యాభై ఉత్తరాలు, చీటీలు అతని మరణం తరువాత అతని ఇంట్లో దొరికాయి. ఇచ్చిన అప్పుకు సంబంధించిన చిన్న చీటీని కూడా పారేయకుండా దాచుకున్న ఆ మనిషి జాగ్రత్త వల్లనే ఈ కేసుకు లిఖిత సాక్ష్యం మిగిలింది.

1937 మార్చి 20, శనివారం నాడు అతనికి ఒక ఉత్తరం వచ్చింది. దానిపై సంతకం లేదు. ఆ రోజో మరునాడో బరంపురం రమ్మన్నది దాని సారాంశం. అతను ఉత్తరాన్ని భార్యకు చూపి, నారాయణస్వామి భార్య రాశారనీ, రావలసిన బాకీ తీసుకోవడానికి రమ్మన్నారనీ, తాను బరంపురం వెళుతున్నాననీ చెప్పాడు. మరునాడు, ఆదివారం, బరంపురం వెళ్ళే రైలు అందేలా ఇల్లు వదిలాడు. మంగళవారం, మార్చి 23న, పూరీ స్టేషనులో మూడో తరగతి పెట్టెలో ఎవరూ దించుకోని ఒక ఉక్కు ట్రంకుపెట్టె కనిపించింది. అందులో ఏడు ముక్కలుగా నరికిన శవం ఉంది, అది తన భర్తదేనని ఆ ఇల్లాలు గుర్తించింది.

హత్యను చూసిన సాక్షి లేడు. ఆ ట్రంకుపెట్టెను నిందితుని ఇంటి రజకుడి ద్వారా కొన్నారనీ, జట్కా బండిలో ఇంటి నుంచి బరంపురం స్టేషనుకు చేర్చారనీ ప్రాసిక్యూషన్ సాక్షులు చెప్పారు. కేసు గొలుసులో కొరవడిన లంకె ఒక్కటే: మృతుడు అసలు ఆ ఇంటికే వెళ్ళాడా అన్నది. దాన్ని పూరించడానికి ప్రాసిక్యూషన్ దగ్గర రెండు మాటలు ఉన్నాయి. ఒకటి మృతుడు బయలుదేరేముందు భార్యతో అన్న మాట. రెండోది నిందితుడే అరెస్టు కాకముందు పోలీసులతో చెప్పిన మాట. 21వ తేదీ సాయంత్రం అతను తన ఇంటికి వచ్చాడనీ, ఆ రాత్రి బయటి గదుల్లో ఒకదానిలో పడుకున్నాడనీ, మరునాటి సాయంత్రం ప్యాసింజరు బండికి వెళ్ళిపోయాడనీ దాని సారాంశం. సెషన్స్ కోర్టు మరణశిక్ష విధించింది. బరంపురం 1936లో కొత్తగా ఏర్పడిన ఒరిస్సాలో చేరడంతో అప్పీలు మద్రాసుకు కాక పాట్నా హైకోర్టుకు పోయింది, అక్కడ శిక్ష ఖరారైంది. అక్కడి నుంచి కేసు ఆనాటి చివరి మెట్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు చేరింది.

1939 జనవరిలో లార్డ్ అట్కిన్ చదివిన తీర్పు ఈ రెండు మాటలనూ విడివిడిగా తూచింది. చనిపోయినవాడు భార్యతో అన్నది పైకి వినికిడి సాక్ష్యమే. చెప్పినవాడు కోర్టుకు రాలేడు, ఎదురు ప్రశ్నలకు దొరకడు. ఇంగ్లండు న్యాయంలో మరణ వాంగ్మూలం చెల్లాలంటే, చెప్పేవాడు తనకిక బతుకు ఆశ లేదన్న స్పృహతో చెప్పి ఉండాలి. పిఠాపురం మనిషికి చావు తలంపే లేదు, బాకీ వసూలు చేసుకొని తిరిగి వస్తాననే అతని నమ్మకం. అయితే భారత చట్టం 32వ సెక్షన్ మరణ కారణాన్ని గురించే గాక, మరణానికి దారితీసిన వ్యవహారపు పరిస్థితులను గురించి మృతుడు చెప్పిన మాటను కూడా స్వీకరించమన్నది. చావు భయం ఉండనక్కరలేదు, చావుకు కారణమైన గాయం అప్పటికి తగిలి ఉండనక్కరలేదు. ఆ వ్యవహారంతో దగ్గరి సంబంధం ఉంటే చాలునని ప్రివీ కౌన్సిల్ తేల్చింది. ఎక్కడికి వెళుతున్నాడో, ఎవరు పిలిస్తే వెళుతున్నాడో చెప్పి గడప దాటడం తెలుగు ఇళ్ళలో నిత్యం జరిగేదే. అటువంటి సాధారణమైన మాటకు, దాన్ని విని గుర్తుంచుకున్న ఒక ఇల్లాలి జ్ఞాపకానికి, సామ్రాజ్యపు అత్యున్నత న్యాయస్థానంలో విలువ దక్కింది.

నిందితుని మాట విషయంలో తీర్పు అంతకంటే ధైర్యమైనది. అందులో నేరం ఒప్పుకోలు లేదు గనుక 25వ సెక్షన్ అడ్డురాదు. నేరాంగీకారమంటే నేరాన్నిగాని, నేరమయ్యే సంగతులన్నిటినీ దాదాపుగాగాని ఒప్పుకోవడమేననీ, నేరం చేశాడేమో అన్న ఊహకు తావిచ్చే ప్రతి మాటా అంగీకారం కాదనీ అట్కిన్ స్పష్టం చేశారు. ఈ క్రమంలో స్టీఫెన్ తన గ్రంథంలో ఇచ్చిన విశాలమైన నిర్వచనాన్ని, అది చట్టంలో లేదు గనుక, ఆయన పక్కనబెట్టారు; చట్టం రాసినవాని అభిప్రాయం కంటే చట్టమే ఎక్కువ. అయితే దర్యాప్తులో పోలీసులకు ఎవరు చెప్పిన మాటనైనా విచారణలో సాక్ష్యంగా వాడకూడదనే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 162వ సెక్షన్‌లోని ‘ఎవరైనా’ అన్న పదంలోకి తరువాత నిందితుడైనవాడు కూడా వస్తాడని తీర్పు చెప్పింది. కాబట్టి కింది కోర్టులు ఆ మాటను వినకుండా ఉండవలసింది. దాన్ని తీసివేసినా మిగిలిన సాక్ష్యం సరిపోతుందని భావించి ప్రివీ కౌన్సిల్ అప్పీలును కొట్టివేసింది. చనిపోయినవాని మాటకు చోటిచ్చి, బతికున్నవాని మాటను నిరాకరించిన ఈ తీర్పు తొంభై ఏళ్ళు కావస్తున్నా ఈ దేశపు కోర్టుల్లో ఉదహరింపబడుతూనే ఉంది.

పల్నాటి కేసు దీనికి తమ్ముడి వరస. గుంటూరు సెషన్స్ కోర్టు నుంచి మద్రాసు హైకోర్టు మీదుగా వెళ్ళిన పులుకూరి కొట్టయ్య కేసులో, 1946 డిసెంబరులో ప్రివీ కౌన్సిల్ 27వ సెక్షన్‌కు హద్దు గీసింది. పోలీసు కస్టడీలో ఉన్న నిందితుడు ఇచ్చిన సమాచారం వల్ల ఏదైనా సంగతి బయటపడితే, ఆ సమాచారంలో దానికి నేరుగా సంబంధించినంత మేరకే రుజువు చేయవచ్చునని ఆ సెక్షన్ చెబుతుంది. పులిపాడు చెరువు మూల సూర్యాస్తమయ వేళ మాటువేశామనీ, కొట్టి చంపామనీ, బరిసెను ఫలానావారి గడ్డివాములో దాచాననీ, వస్తే చూపిస్తాననీ ఒక నిందితుడు చెప్పాడు. దాచిన చోటు గురించిన మాట మాత్రమే చెల్లుతుందనీ, చంపడం గురించిన మాట చెల్లదనీ ప్రివీ కౌన్సిల్ అన్నది. ఎందుకంటే బయటపడిన సంగతి బరిసె కాదు, అది ఫలానా చోట ఉందన్న విషయం నిందితునికి తెలుసునన్నదే. నేటికీ రికవరీ పంచనామా మీద వాదన నడిచే ప్రతి కోర్టులోనూ కొట్టయ్య పేరు వినిపిస్తుంది.

స్వాతంత్ర్యానంతర కథ ఇంత తిన్నగా సాగదు. హైదరాబాదులోని సీసీఎంబీలో లాల్జీ సింగ్ కట్లపాము డీఎన్‌ఏ పరిశోధన నుంచి తయారుచేసిన ప్రోబ్, మనుషుల గుర్తింపుకు పనికివచ్చి పితృత్వ వివాదాల నుంచి రాజీవ్ గాంధీ హత్య కేసు దాకా వెళ్ళింది. నార్కో పరీక్షలు, పాలిగ్రాఫ్‌లు సత్యాన్ని యంత్రంతో పిండగలవన్న ఆశ రేపగా, నిందితుని అనుమతి లేకుండా వాటిని చేయరాదని సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసులో కట్టడి చేసింది. కిట్టి స్థానంలో సూది వచ్చినా మనిషి చేత బలవంతంగా మాట్లాడించడం మారదన్న వివేకం అందులో ఉంది. ఐటీ చట్టంతోపాటు 2000లో వచ్చిన 65బి సెక్షన్, ఎలక్ట్రానిక్ రికార్డు ప్రతికి ధ్రువపత్రం కావాలన్నది; అది తప్పనిసరా కాదా అన్న చర్చ 2014లో ఒక మలుపు తిరిగి, 2020లో తప్పనిసరి అన్న నిర్ణయంతో ఒక కొలిక్కి వచ్చింది. కొత్త అధినియమం 63వ సెక్షన్ ఆ ధ్రువపత్రానికి నమూనానూ, ఫైలులో మార్పు జరగలేదని నిర్ధారించే హాష్ విలువనూ చేర్చింది. ఏడేళ్ళు లేదా అంతకుమించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి రావాలనీ, సోదాలను వీడియో తీయాలనీ భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ఆదేశించింది.

2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు దేశంలోని ప్రతి పోలీసు స్టేషనులో, లాకప్పులతో సహా, దృశ్యాన్నీ శబ్దాన్నీ నమోదు చేసే సీసీ కెమెరాలు ఉండాలనీ, ఆ రికార్డును 18 నెలలు భద్రపరచాలనీ ఆదేశించింది. కొత్త అధినియమంలో 25వ సెక్షన్ 23గా, 32వ సెక్షన్ 26గా మారాయి, 27వ సెక్షన్ విడిగా లేకుండా 23కు మినహాయింపుగా చేరింది. పిఠాపురం, పల్నాటి కేసుల్లో స్థిరపడిన అర్థాలు ఆ కొత్త అంకెలకు కూడా వర్తిస్తూనే ఉన్నాయి. స్టేషనులో ఏం జరిగిందో చూపే వీడియో ప్రతిని కూడా 63వ సెక్షన్ కింది ధ్రువపత్రం జతచేసిన తరువాతే కోర్టు చూస్తుంది.