తోడు

చిన్నప్పుడు చీకటి పడ్డాక పెరట్లోకి వెళ్ళాలంటే నాకు భయం. "అమ్మమ్మా, తోడు రావా?" అనేవాణ్ణి. ఆవిడ వచ్చి వంటింటి మెట్టు మీద కూర్చునేది. ధైర్యం చెప్పేది కాదు, నా వంక చూసేది కూడా కాదు. చింతపండులో గింజలు తీసుకుంటూ ఉండేది. అయినా భయం పోయేది. అంతసేపూ ఆవిడ చేసిన పని ఏమిటంటే తెలుగులో ఒక్కటే జవాబు: తోడు వచ్చింది.

తమిళుల కోళి మనకు కోడి, వాళ్ళ ఏళు మనకు ఏడు. ఆ దారిలోనే వాళ్ళ తోళన్, తోళి అనే స్నేహవాచకాల పక్కన మన తోడు నిలుస్తుంది. తోబుట్టువు, తోడికోడలు, తోడల్లుడు: వీళ్ళెవరినీ మనం ఏరికోరి తెచ్చుకోలేదు, పక్కన ఉన్నారంతే. ఈ మాటలో ప్రేమ కంటే ముందు చోటు ఉంది.

వ్యాకరణంలోకి వెళ్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. చేత, చే, తోడ, తో తృతీయా విభక్తి అని బడిలో వల్లెవేశాం. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణంలోనూ వాటికి ఒకటే వరస. కానీ "పిల్లవాడి చేత అక్షరాలు దిద్దించాను" అన్నప్పుడు చెయ్యి వాడిది, సంకల్పం నాది. "పిల్లవాడికి తోడుగా కూర్చున్నాను" అన్నప్పుడు ఎవరూ ఎవరినీ కదిలించడం లేదు. వాడుకలో 'తో' రెండు పనులూ చేస్తుంది. 'తోడుగా' అనగానే మాత్రం 'చేత'కు అక్కడ చోటు లేదు.

ఆటిజం ఉన్న పిల్లల విషయంలో మన బతుకంతా 'చేత'లోనే గడుస్తోంది. కళ్ళలోకి చూడమంటాం, పేరు చెప్పిస్తాం, చప్పట్లు కొట్టిస్తాం. అసలు ఆటిజం అన్న పేరులోనే తోడు లేదు. గ్రీకులో ఆటోస్ అంటే తాను. 1911లో స్విస్ వైద్యుడు బ్లాయ్‌లర్ పెద్దవాళ్ళ మనోవ్యాధి గురించి రాస్తూ వాడిన మాటను, 1943లో బాల్టిమోర్‌లో లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాస్తూ తీసుకున్నాడు. 1967లో అమెరికాలో బెటల్‌హైమ్ రాసిన పుస్తకం, తల్లుల చల్లదనమే పిల్లల్ని ఇలా చేసిందని నిందించింది. ఆ నింద తప్పని తేలింది గానీ, అప్పటికే ఎందరో తల్లులు దాన్ని మోశారు.

అదే 1967లో ఫెర్నాన్ దెలిన్యీ అనే ఫ్రెంచి ఉపాధ్యాయుడు దక్షిణ ఫ్రాన్స్‌లోని సెవెన్న్ కొండలకు, మొనొబ్లే ఊరి దగ్గరికి చేరాడు. వెంట జాన్మారీ అనే పన్నెండేళ్ళ బాబు. మాట లేదు. వైద్యులు ఆశ వదులుకున్న పిల్లవాడు. తర్వాత మరికొందరు పిల్లలు వచ్చారు. కొందరు కొన్ని వారాలు మకాం చేసి వెళ్ళేవారు, కొందరు ఉండిపోయారు. వాళ్ళతో గడిపిన పెద్దలు వైద్యులు కారు; కార్మికులు, విద్యార్థులు, రైతులు. రొట్టెల పిండి పిసకడం, కట్టెలు కొట్టడం, గిన్నెలు కడగడం, మేకల్ని చూసుకోవడం, ఇదే అక్కడి దినచర్య.

ఫ్యాక్టరీ పని వదిలి వచ్చిన జాక్ లిన్ ఒక పిల్లవాడు తనను తాను గాయపరచుకోవడం చూసి తల్లడిల్లిపోయాడు. ఏం చెయ్యాలని అడిగితే, వాడు తిరిగిన దారులు గియ్యమన్నాడు దెలిన్యీ. అప్పటినుంచి మకాం పటం మీద పల్చని కాగితం పరిచి, పిల్లవాడు ఎటు నడిచాడు, ఎక్కడ ఆగాడు, ఎక్కడ గిర్రున తిరిగాడు అన్నది గీతలుగా గీశారు. ఎందుకు అలా చేశాడన్న ప్రశ్న లేదు. కాగితం మీద కాగితం పెట్టి చూస్తే, ఊరికే తిరుగుతున్నాడనుకున్న పిల్లవాడి గీతలు పెద్దల పనుల దారులను కొన్నిచోట్ల పదే పదే కలుస్తున్నాయి. వాడు ఒంటరిగా లేడు. వాడు పక్కన ఉన్న తీరు పెద్దలకు అంతవరకూ కనపడలేదు, అంతే.

ఆ పెద్దల్ని చికిత్సకులు అనడం దెలిన్యీకి ఇష్టం లేదు. 'ప్రెజాన్స్ ప్రోష్' అన్నాడు. దగ్గర ఉండే ఉనికి అని దాని అర్థం. ఫ్రెంచికి రెండు మాటలు కలిపి కట్టుకోవలసి వచ్చింది. తెలుగుకు పుట్టుకతోనే ఉంది.

మన వంటింట్లో ఈ మాటకు ఇంకో అర్థం ఉంది. రాత్రి గోరువెచ్చని పాలల్లో అర చెంచా మజ్జిగ వేస్తే అది తోడు. పాలు మరీ వేడిగా ఉంటే విరుగుతాయి, చల్లారిపోతే తోడుకోవు. వేశాక మా అమ్మ ఒకటే హెచ్చరించేది: గిన్నె కదపకండి. తోడుకుందో లేదోనని గంటగంటకూ గరిటె పెట్టి చూస్తే పెరుగు గట్టిపడదు. మొనొబ్లేలో నిజంగా తోడుకున్నది పెద్దలే అనిపిస్తుంది. మాట తగ్గించడం, చేతిపనిని నెమ్మదిగా, పిల్లవాడికి కనపడేలా చేయడం, వేచి ఉండడం నేర్చుకున్నది వాళ్ళే.

స్పీచ్ థెరపీలు వద్దని నేను అనను. పిల్లవాడికి తన అవసరం చెప్పుకునే దారి దొరకాలి, దానికి నేర్పేవాళ్ళు కావాలి. కానీ థెరపీ గంటసేపు. మిగతా ఇరవైమూడు గంటలకు తోడు కావాలి. దానికి చదువు అక్కర్లేదు.

ఆమధ్య ఒక పెళ్ళిలో, చేతులు కడుక్కునే చోట పదేళ్ళ పాప కుళాయి తిప్పి, ధారను వేళ్ళతో చీలుస్తూ నిలబడింది. వచ్చిపోయేవాళ్ళు "ఇంకా మాటలు రాలేదా?" అని తల్లిని అడిగి వెళ్తున్నారు. జాన్మారీకి కూడా నీళ్ళంటే ప్రాణమని గుర్తొచ్చింది. పక్క కుళాయి సన్నగా తిప్పి నేనూ వేళ్ళు పెట్టాను. పాప నా వైపు చూడలేదు. కాసేపటికి తన ధారను నా అంత సన్నగా తగ్గించింది.

"మీరు వెళ్ళి తినండమ్మా, నేను తోడుంటాను" అన్నాను. ఆ తల్లి ఒక్క క్షణం తటపటాయించి, వెళ్ళి పంక్తిలో కూర్చుంది. మూడో పంక్తి అప్పటికి సగమైంది.