టర్కీ వేపుడు థర్మామీటరు

అమెరికాలో నవంబరు నాలుగో గురువారం జరిగే థాంక్స్‌గివింగ్‌కు కొందరు టర్కీ కోడిని ముక్కలు కొట్టకుండా కాగిన నూనెలో వేయిస్తారు. లూసియానా కేజన్ వంటతో పేరొచ్చిన పద్ధతి ఇది. నిజానికి దీనికి రెండు థర్మామీటర్లు కావాలి.

నూనెకు, గిన్నె అంచుకు తగిలించే లోహపు థర్మామీటరు మేలు. గాజుది పగిలితే వంటంతా పారబోయాల్సిందే. కాడ సుమారు 12 అంగుళాలుంటేనే కొన నూనెలో బాగా మునుగుతుంది. నూనె 350 డిగ్రీల ఫారన్‌హీట్ (177 సెల్సియస్) దగ్గర నిలవాలి కనుక కొలత 400 పైదాకా ఉండాలి. చూపు దానిమీదే ఉంచాలి: అదుపు తప్పిన నూనె పొగలు కక్కి అంటుకుంటుంది.

మాంసానికి సన్నమొన డిజిటల్‌ది. తొడ మందంలో, ఎముకకు తగలకుండా గుచ్చితే 165 (74 సెల్సియస్) చూపాలి. కొనగానే మంచుముక్కల నీళ్లలో పరీక్షించాలి. అక్కడ 32 చూపనిదాన్ని నమ్మకూడదు.