విదేశాల్లో చరిత్ర విద్య, మన ఊళ్ల సంఘ చరిత్ర
నల్లగొండ ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

నల్లగొండ నుండి మిర్యాలగూడకు వెళ్లే దారిలో వేములపల్లి ఉంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఈ ప్రాంతం గుండానే సాగుతుంది. 1967 ఆగస్టు 4న సాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత ఇక్కడి మెట్ట చేలు క్రమంగా వరి పొలాలయ్యాయి. కూలి మారింది, తిండి మారింది, ఊరి రూపమే మారింది. కాలువ రాకముందు ఊరు ఎలా ఉండేది? ఈ చుట్టుపక్కల సంఘాలు మొదట ఎవరి ఇంటి ముందు కూడేవి? తొలి ఉపదేశికి ఊరివారు ఇచ్చింది ధాన్యమా, డబ్బా? ఈ ప్రశ్నలకు స్వానుభవంతో జవాబు చెప్పగల పెద్దలు ఏ ఊళ్లోనైనా ఒకరో ఇద్దరో మిగిలి ఉంటారు.

మరోవైపు, సంఘ చరిత్రలో పై చదువులకు విదేశాలకు వెళ్లాలనే కోరిక మన వేదాంత విద్యార్థుల్లో కనిపిస్తోంది. ఇది మంచి కోరికే. అయితే మనం మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఎందుకు వెళ్లాలి? వెళ్లేముందు ఏమి చేయాలి? తిరిగి వచ్చాక ఎవరి కోసం రాయాలి? నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని వీటికి జవాబు వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన కాగితాలు ఎక్కడున్నాయి?

ఈ ప్రాంతపు బాప్టిస్టు సంఘాల పుట్టుకను పరిశీలిస్తే ఒక ఆశ్చర్యకరమైన సంగతి తెలుస్తుంది. 1890 ప్రాంతంలో నల్లగొండలో మిషన్ పని ప్రారంభించిన అబ్రహాం ఫ్రీసెన్ అమెరికావాడు కాదు. నాటి రష్యా సామ్రాజ్యంలో, నేటి ఉక్రెయిన్‌లో ఉన్న జర్మన్ వలస గ్రామాల నుండి వచ్చిన మెనోనైట్ బ్రదరన్ విశ్వాసి. హాంబర్గులోని బాప్టిస్టు సెమినరీలో చదివి, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ యూనియన్ కింద ఇక్కడ సేవ చేశాడు. ఆయన వెనుక అదే సమాజం నుండి వచ్చినవారు సూర్యాపేట, జనగామ ప్రాంతాల్లోనూ పనిచేశారు. మొదటి ప్రపంచ యుద్ధం, 1917 రష్యా విప్లవం తరువాత ఆ దేశం నుండి వచ్చే సహాయం ఆగిపోయింది.

దీని పర్యవసానం చరిత్ర విద్యార్థికి చాలా ముఖ్యం. నల్లగొండ జిల్లా మాల మాదిగ వాడల్లో మొలకెత్తిన సంఘాలను గూర్చిన తొలి ఉత్తరాల్లో, నివేదికల్లో కొంత భాగం జర్మన్ భాషలో ఉంది, కొంత ఇంగ్లీషులో ఉంది. అమెరికన్ బాప్టిస్టు హిస్టారికల్ సొసైటీ భాండాగారం 2008 నుండి అట్లాంటాలో మెర్సర్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉంది. మెనోనైట్ బ్రదరన్ వారి పత్రాలు కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలోనూ, కెనడాలోని విన్నిపెగ్‌లోనూ భద్రపరిచారు. మెదక్ వైపు పనిచేసిన వెస్లియన్ మెథడిస్టుల కాగితాలు లండన్‌లోని సోయాస్‌లో ఉన్నాయి. మచిలీపట్నంలో 1841లో పని మొదలుపెట్టిన చర్చి మిషనరీ సొసైటీ పత్రాలు బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. ఇంకా వెనక్కి వెళ్తే, బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకాలు 1740లలో అచ్చయింది జర్మనీలోని హాలే పట్టణంలో.

కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు ఇది. మన తాతముత్తాతల గురించి ఇతరులు రాసినవి చదవాలంటే ఆ కాగితాలున్న చోటికి వెళ్లక తప్పదు. కొన్ని ఇప్పుడు కంప్యూటరులో దొరుకుతున్నా, చేతిరాత ఉత్తరాలను, పాత గోతిక్ అచ్చు జర్మన్‌ను చదవడానికి శిక్షణ కావాలి. ఆ శిక్షణ కొద్ది నెలల్లో వచ్చేది కాదు. బ్రిటన్‌లో డాక్టరేటుకు సాధారణంగా మూడు నాలుగేళ్లు పడుతుంది. అమెరికాలో ముందు తరగతులు, భాషా పరీక్షలు, సమగ్ర పరీక్షలు ఉంటాయి గనుక ఐదేళ్లు దాటుతుంది.

ముందు నడిచినవారు

తెలుగువారు చరిత్ర చదవడానికి సముద్రం దాటడం కొత్త కాదు. మద్రాసు క్రిస్టియన్ కళాశాల విద్యార్థి కట్టమంచి రామలింగారెడ్డి ప్రభుత్వ విద్యార్థి వేతనంతో కేంబ్రిడ్జి సెయింట్ జాన్స్ కళాశాలకు వెళ్లి చరిత్ర చదివారు. తరువాత 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షులయ్యారు. హైదరాబాదు సంస్థానంలో 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఇంగ్లండులో చదివివచ్చిన హరూన్ ఖాన్ షేర్వానీ, పారిస్‌లో డాక్టరేటు పొందిన యూసుఫ్ హుసేన్ ఖాన్ చరిత్ర బోధించారు. బహమనీలను, కుతుబ్‌షాహీలను, తొలి నిజామును గూర్చి వారు రాసిన గ్రంథాలు నేటికీ ప్రామాణికాలు. అయితే వాటిలో కేంద్రస్థానం దర్బారుది. నల్లగొండ వెట్టి మనిషి ఆ గ్రంథాల్లో దాదాపు కనిపించడు.

సంఘ చరిత్ర వైపు చూస్తే మనకు దగ్గరి ఉదాహరణలున్నాయి. భారతదేశంలో మిషనరీ దంపతులకు పుట్టిన రాబర్ట్ ఎరిక్ ఫ్రికెన్‌బర్గ్ లండన్‌లో పరిశోధన చేసి, 1788 నుండి 1848 వరకు గుంటూరు జిల్లా చరిత్రను 1965లో ప్రకటించారు. కుంఫిణీ అధికారం కాగితం మీద ఎలా ఉన్నా, జిల్లాలో పెత్తనం స్థానిక ఉద్యోగుల చేతుల్లో ఎలా ఉండేదో ఆ గ్రంథం చూపించింది. బిషప్ అజరయ్య జీవితం, దోర్నకల్ సేవ గురించి సూసన్ బిల్లింగ్టన్ హార్పర్ 2000లో పెద్ద గ్రంథం వెలువరించారు. అమెరికాలో ఉన్నత విద్య పొందిన తెలుగువాడు జేమ్స్ ఎలీషా తానేటి తెలుగు బైబిలు స్త్రీల మీద 2013లోనూ, మొత్తం తెలుగు క్రైస్తవుల చరిత్ర మీద 2022లోనూ పుస్తకాలు ప్రకటించారు. రాజుల చరిత్ర నుండి జిల్లా చరిత్రకు, అక్కడి నుండి బైబిలు స్త్రీల దాకా మన చూపు దిగివచ్చిన క్రమాన్ని గమనించండి.

అక్కడి బడి నేర్పేదేమిటి?

విదేశీ విశ్వవిద్యాలయంలో విద్యార్థి ముందుగా నేర్చుకునేది కాగితాన్ని ప్రశ్నించడం. దీన్ని ఎవరు రాశారు? ఎవరికి రాశారు? ఏమి ఆశించి రాశారు? మిషన్ నివేదిక చందాలిచ్చే సంఘాలు చదవడానికి రాసినది. అందులో సంఖ్యలు ఉంటాయి, ఆనందం ఉంటుంది. ఉపదేశి పేరు మాత్రం చాలాసార్లు ఉండదు. 'మా బోధకుడు', 'మా బైబిలు స్త్రీ' అనే మాటలతో సరిపెడతారు.

ఒక ఉదాహరణ చూద్దాం. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున వేలంపల్లి దగ్గర ఒకే రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఈ సంఖ్య మన ప్రసంగాల్లో తరచు వినబడుతుంది. చరిత్ర విద్యార్థి అక్కడ ఆగడు. అది 1876-78 నాటి మహా కరువు కాలం. జాన్ క్లౌ కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్వకంలో వేలమందికి కూలి కల్పించాడు. ఆ సహాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపివేశాడు కూడా. మరి ఆ జనం వచ్చింది కరువు వల్లనా? కరువుకు పదేళ్ల ముందే, 1866లో బాప్తిస్మం పొందిన మాదిగ బోధకుడు యెర్రగుంట్ల పేరయ్య ఊరూరా తిరిగి చెప్పిన మాట వల్లనా? ఒకే సంఘటనకు రెండు వైపుల సాక్ష్యాన్ని తూచి చూడడమే చరిత్ర విద్య. దీనివల్ల విశ్వాసానికి నష్టమేమీ లేదు. పేరయ్య వంటివారికి దక్కవలసిన గౌరవం దక్కుతుంది.

అక్కడ దొరకనిది

అయితే పేరయ్య సంగతి మనకు ఎలా తెలిసింది? క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ స్విట్జర్లాండులోని బెర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందిన విదుషి. ఆమె మాదిగ బోధకుల నోట వారి జీవిత కథలు విని, చెప్పులు కుట్టేవారి కథలుగా 1899లో ఇంగ్లీషులో పుస్తకం రాసింది. అంత చదువు చదివినామె ఆ సమాచారానికి వెళ్లింది గ్రంథాలయానికి కాదు, మనుషుల దగ్గరికి. ఆమె పుస్తకంలోనూ లోటు ఉంది. పేరయ్య మాట మనకు ఆమె భాషలోనే, ఆమె ఎంపికలోనే అందుతుంది. అయినా ఆమె అడగకపోతే ఆ కొంచెమూ మిగిలేది కాదు.

మన ప్రాంతంలో ఇటువంటి మరో పని జరిగింది. హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన సభ్యులు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను కలిసి, వారి మాటల్లోనే 'మనకు తెలియని మన చరిత్ర'ను 1986లో వెలువరించారు. సూర్యాపేట ప్రాంతానికి చెందిన మల్లు స్వరాజ్యం జ్ఞాపకాలూ అందులో ఉన్నాయి. తరువాత అది ఇంగ్లీషులోకి వెళ్లి ప్రపంచ విశ్వవిద్యాలయాల్లో పాఠ్యగ్రంథమయింది. మల్లు స్వరాజ్యం 2022లో మరణించారు. అడగవలసిన సమయంలో అడిగినవారున్నారు కాబట్టి ఆమె మాట మిగిలింది. అదే పోరాట కాలంలో, అవే ఊళ్లలో మన సంఘాల తల్లులు ఏమి చూశారో, ఏ రాత్రి ఎక్కడ దాక్కున్నారో ఎంతమందిమి అడిగాం?

2022లో కేంద్ర ప్రభుత్వం షెడ్యూల్డు కులాల విద్యార్థులకిచ్చే జాతీయ విదేశీ విద్యా వేతనం మార్గదర్శకాలను సవరించి, భారతీయ సంస్కృతి, చరిత్ర, సామాజిక అధ్యయనాలను ఆ పథకం నుండి తొలగించింది. వనరులు దేశంలోనే ఉన్నప్పుడు బయటికెందుకన్నది అందుకు చెప్పిన కారణం. పై వివరాలు చూస్తే ఆ వాదం సగమే నిజమని తెలుస్తుంది. ఫ్రీసెన్ కాలపు ఉత్తరాల కోసం వెదకవలసింది మిర్యాలగూడలో కాదు. కానీ మిగతా సగం మనల్ని సిగ్గుపరచాలి. ఇక్కడున్న వనరులను మనమైనా భద్రపరిచామా? బాప్తిస్మ పుస్తకాలు, వివాహ పుస్తకాలు, సంఘ కమిటీ మినిట్స్, సమాధుల మీది రాతలు, ఇంటి గోడ మీది ఫొటోలు చెదల పాలవుతున్నాయి.

పేరు అచ్చువేసే ముందు

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే షెడ్యూల్డు కుల హోదా వర్తించింది. తరువాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు. క్రైస్తవులకు విస్తరించలేదు. మన రాష్ట్రాల్లో క్రైస్తవులైన షెడ్యూల్డు కులాలవారిని బి.సి.-సి గా పరిగణిస్తారు. అందుచేత ఆరాధనకు వచ్చేవారంతా కాగితం మీద క్రైస్తవులుగా ఉండరు. జనాభా లెక్కల సంఖ్యకూ ఆదివారం గుడిలో కూర్చున్నవారి సంఖ్యకూ పొంతన ఉండకపోవడానికి ఇదొక కారణం.

దూరదేశంలో కూర్చొని రాసే పరిశోధకునికి బాప్తిస్మ పుస్తకంలోని పేరు ఒక ఆధారం మాత్రమే. ఊళ్లో అదే పేరు ఒక కుటుంబం. దాన్ని అచ్చువేస్తే ఆ ఇంటి పిల్లల ధ్రువపత్రం, ఉద్యోగం ప్రశ్నార్థకం కావచ్చు. చనిపోయిన ఉపదేశులకు పేరు తిరిగి ఇవ్వడం న్యాయం. బతికున్నవారి పేరును అనుమతి లేకుండా బయటపెట్టడం అన్యాయం. ఈ రెంటి మధ్య తేడాను గ్రహించడానికి సంఘకాపరి సలహా ఏ ఆచార్యుని సలహాకూ తీసిపోదు.

ముగింపు

రెండవ ప్రశ్నకు జవాబు ఇక తేలికే. విదేశాలకు దరఖాస్తు పెట్టేముందు విద్యార్థి తన ఊళ్లో ఒక సంవత్సరమైనా పనిచేయాలి. డెబ్బై ఏళ్లు దాటిన పెద్దలను, ముఖ్యంగా స్త్రీలను కలిసి, వారి అనుమతితో వారి మాటను వారి యాసలోనే రికార్డు చేయాలి. తేదీ, ఊరు, అడిగిన ప్రశ్న రాసిపెట్టాలి. సంఘ పుస్తకాలను ఫొటో తీసి, అసలు పుస్తకాన్ని సంఘానికే అప్పగించాలి. సంవత్సరాలు గుర్తులేని పెద్దలను 'కాలువ రాకముందా, వచ్చినాకనా?' అని అడిగితే జ్ఞాపకం కదులుతుంది. విదేశాలకు వెళ్లే స్తోమత లేనివారు కూడా ఈ పని చేయగలరు. కాపరులు ఇళ్లు దర్శించేటప్పుడు ఒక నోటుబుక్కు వెంట ఉంచుకుంటే చాలు.

మూడవ ప్రశ్న మిగిలింది. ఇంగ్లీషులో రాసిన సిద్ధాంత గ్రంథం విశ్వవిద్యాలయపు అల్మారాలో ఉంటుంది. దాని సారం తెలుగులో, కాపరికి, ఆ కథ చెప్పిన ముసలమ్మ మనవలకు అర్థమయ్యే భాషలో రానంతవరకు ఆ చదువు పూర్తికానట్టే. లూకా తన సువార్త మొదట్లో తాను పని చేసిన పద్ధతిని వివరించాడు. కళ్లారా చూసినవారి నుండి వచ్చిన సంగతులను మొదటి నుండి శ్రద్ధగా పరిశోధించి, వరుసగా రాసి, ఒక పాఠకుని చేతికి అందించాడు. ఈ పనిలో మనకు మాదిరి అదే.

అట్లాంటాలోని ఉత్తరాలు ఇంకో పదేళ్ల తరువాత కూడా అక్కడే భద్రంగా ఉంటాయి. వేములపల్లి దారిలోని ఊళ్లలో మన పెద్దలు ఉండరు. ఏది ముందు చేయాలో నిర్ణయించుకోవడానికి ఈ తేడా చాలు.