సక్తా: మరణాన్ని పోలిన జబ్బు, దానిని పోలిన జబ్బులు

అబ్బాసీ ఖలీఫా హారూన్ రషీద్ ఒకనాడు భోజనానికి కూర్చుని ఆస్థాన వైద్యుడు జిబ్రీల్ బిన్ బుఖ్తీషూ కోసం ఎదురుచూస్తున్నాడు. జిబ్రీల్ ఆలస్యంగా వచ్చాడు. ఖలీఫాకు దాయాది అయిన ఇబ్రాహీమ్ బిన్ సాలిహ్ అవసానదశలో ఉన్నాడనీ, ఇషా నమాజు వేళ దాటి బ్రతకడనీ విన్నవించాడు. ఖలీఫా కంటతడి పెట్టి పళ్ళెరాలు తీసివేయమన్నాడు. అప్పుడు మంత్రి జాఫర్ బర్మకీ, జిబ్రీల్‌ది యూనానీ పద్ధతి అనీ, బాగ్దాదులోనే ఉన్న సాలిహ్ బిన్ బహ్లా భారతదేశపు వైద్యంలో జిబ్రీల్‌కు తీసిపోడనీ, అతనిని కూడా పంపి చూడవచ్చుననీ సలహా చెప్పాడు.

సాలిహ్ వెళ్ళి రోగి నాడి చూసి వచ్చాడు. ఈ రాత్రి ఈ జబ్బుతో ఇబ్రాహీమ్ చనిపోడని ఖలీఫా ఎదుట తేల్చి చెప్పాడు. తన మాట తప్పితే తన బానిసలందరూ స్వతంత్రులనీ, తన ధనం పేదలపాలనీ, తన భార్యకు తలాక్ అయినట్లేననీ ఒట్టు పెట్టాడు. కాని ఇషా వేళకు మరణవార్త వచ్చింది. ఖలీఫా జాఫర్‌ను నిందించాడు, భారతదేశపు వైద్యాన్ని శపించాడు. తెల్లవారి ఇబ్రాహీమ్ ఇంటికి వెళ్ళేసరికి స్నానం, కఫన్ పూర్తయి ధూపం వేస్తున్నారు. అంతవరకు మౌనంగా నిలబడి ఉన్న సాలిహ్ ఒక్కసారిగా కేక పెట్టాడు. బ్రతికి ఉన్న మనిషిని పాతిపెట్టవద్దని వేడుకున్నాడు. లోపలికి వెళ్ళి ఇబ్రాహీమ్ ఎడమచేతి బొటనవ్రేలి గోటికీ కండకూ మధ్య సూది గుచ్చాడు. చెయ్యి వెనక్కు లాగుకొన్నది.

ఆ తరువాత సాలిహ్ చేసిన పని గమనార్హమైనది. కఫన్‌తోనూ, శవానికి పూసిన సుగంధాలతోనూ ఉండగానే రోగి మేల్కొంటే ఆ భయానికే ప్రాణం పోవచ్చునని, ముందుగా వాటిని తీయించి, మళ్ళీ స్నానం చేయించి, మామూలు దుస్తులు తొడిగించి, తన పడకమీదనే పడుకోబెట్టించాడు. అప్పుడు తుమ్ములు తెప్పించే కుందుస్ పొడిని ముక్కులోకి ఊదించాడు. కొంతసేపటికి ఇబ్రాహీమ్ తుమ్మి లేచి కూర్చున్నాడు. హాయిగా నిద్రపోయాననీ, కలలో ఒక కుక్క తన బొటనవ్రేలు కరిచిందనీ, ఆ నొప్పి ఇంకా ఉందనీ చెప్పాడు.

ఈ కథను భద్రపరచినవారు ఇబ్నుల్ ఖిఫ్తీ (మరణం 1248), ఇబ్ను అబీ ఉసైబియా (మరణం 1270). వైద్యుల జీవితచరిత్రలు వ్రాసిన ఈ ఇద్దరూ సంఘటనకు దాదాపు నాలుగున్నర శతాబ్దాల తరువాతివారు. కథ ప్రకారం ఇబ్రాహీమ్ ఆ తరువాత చాలాకాలం బ్రతికి, ఈజిప్టు గవర్నరై అక్కడే కన్నుమూశాడు. ఈజిప్టులో గవర్నరుగా ఉండగా అతడు మరణించింది 792లో. జిబ్రీల్ బర్మకీల కొలువులో చేరింది 791 ప్రాంతంలో. ఈ రెండింటి మధ్య ఇంత కథ ఇమడటం కష్టం. అందువల్ల దీనిని అక్షరాలా నమ్మనవసరం లేదు. అయితే ఒక సమాజం ఏ కథను నాలుగు వందల ఏళ్ళపాటు చెప్పుకొంటూ వచ్చిందో దానినిబట్టి ఆ సమాజాన్ని వేధించిన ప్రశ్న ఏదో తెలుస్తుంది. ఇక్కడ ఆ ప్రశ్న ఇది: కదలిక లేక, మాట లేక, ఊపిరి ఆడుతున్నదో లేదో తెలియక పడి ఉన్న మనిషికి వచ్చినది ఏమిటి?

మూడు పేర్లు

అరబ్బీ వైద్యులు ఈ ప్రశ్నను పేర్లు వేరుచేయడంతో మొదలుపెట్టారు. 'సక్తా' అనే మాట మౌనం అనే అర్థమున్న ధాతువునుంచి వచ్చింది. ఉన్నట్టుండి స్పృహ, స్పర్శ, చలనం మూడూ ఆగిపోవడం సక్తా. 'ఫాలిజ్' అంటే రెండుగా చీల్చేది. శరీరంలో ఒక ప్రక్క పడిపోవడం. తెలుగువారి 'పక్షవాతం' అనే మాటలో కూడా పక్షం అంటే ప్రక్క అనే అర్థమే ఉన్నది. రెండు భాషలవారు ఒకే జబ్బును ఒకే కంటితో చూశారన్నమాట. మూడవది 'లఖ్వా', ముఖం ఒక ప్రక్కకు వంకరపోవడం.

ఫాలిజ్‌ను గుర్తించడానికి వైద్యుడే అక్కరలేదు. ప్రఖ్యాత అరబ్బీ రచయిత జాహిజ్ (మరణం 868 ప్రాంతం) వార్ధక్యంలో దానికి లోనయ్యాడు. అతని శరీరంలో ఒక సగం కత్తిరించినా తెలియనంత మొద్దుబారిందనీ, రెండవ సగం ఈగ వాలినా ఓర్చుకోలేనంత బాధ పెట్టిందనీ చెప్పుకొనేవారు. కష్టమంతా సక్తాతోనూ లఖ్వాతోనూ వచ్చేది. సక్తా మరణంలా కనబడుతుంది. లఖ్వా కొన్నిసార్లు ముఖానికే పరిమితమైన చిన్న జబ్బు, మరికొన్నిసార్లు రాబోయే పెద్ద ఆపదకు సూచన.

యూనానీ వైద్యపితామహుడు బుఖ్రాత్, అనగా హిప్పొక్రటీసు పేరిట ఉన్న సూత్రాలలోనే బలమైన సక్తాకు చికిత్స లేదనీ, తేలికపాటి సక్తాకు కూడా చికిత్స సులభం కాదనీ ఉన్నది. హునైన్ బిన్ ఇస్‌హాఖ్ (మరణం 873) వంటి అనువాదకుల కృషివల్ల బుఖ్రాత్, గాలెన్‌ల గ్రంథాలు అరబ్బీలోకి వచ్చాయి. రాజీ తన బృహత్ సంకలనం 'అల్ హావీ'లో పూర్వుల అభిప్రాయాలను పేరుపేరునా ఉదహరించి, వాటి ప్రక్కన తన అనుభవాన్ని చేర్చాడు. ముఖం వంకరతో పాటు తెలివి తప్పడం, ఇతర అవయవాలు మొద్దుబారడం ఉంటే దోషం మెదడులో ఉన్నదని గ్రహించాలన్న వివేకం ఆ గ్రంథాలలో కనిపిస్తుంది.

'అల్ హావీ'కీ హైదరాబాదుకూ ఒక సంబంధం ఉన్నది. 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ ఈ గ్రంథపు అరబ్బీ మూలాన్ని 1955నుంచి భాగాలుగా అచ్చువేసింది. 1279లోనే లాటిన్‌లోకి వెళ్ళిన పుస్తకం తన స్వంత భాషలో సమగ్రంగా అచ్చుకు నోచుకున్నది దక్కనులోనే.

ఇబ్ను సీనా విచక్షణ

ఇబ్ను సీనా (980–1037) 'అల్ ఖానూన్' మూడవ సంపుటంలో సక్తాకు ఒక ప్రకరణం కేటాయించాడు. మెదడులోని కుహరాలు కఫంతో గాని రక్తంతో గాని పూర్తిగా మూసుకొనిపోతే సక్తా వస్తుందనీ, కొంతమేరకే మూసుకొంటే 'సరా', అంటే మూర్ఛరోగం వస్తుందనీ అతని వివరణ. ఈ కారణం నేడు నిలవదు. అయితే అతడు చూపిన తేడాలు పడక ప్రక్కన కూర్చున్నవాడు కళ్ళతో చూసి పట్టుకొన్నవి.

మూర్ఛలో అవయవాలు కొట్టుకొంటాయి. సక్తాలో అవి చచ్చుబడి ఉంటాయి. 'సుబాత్' అనే గాఢనిద్రవంటి మత్తులో రోగిని కష్టంమీదనైనా కదిలించి మేల్కొల్పవచ్చు. సక్తా రోగిని మేల్కొల్పలేము. సుబాత్ మెల్లగా కమ్ముకొంటుంది, సక్తా హఠాత్తుగా విరుచుకుపడుతుంది. స్త్రీలలో గర్భకోశ దోషంవల్ల వస్తుందని ఆనాడు భావించిన మూర్ఛను కూడా సక్తాగా పొరబడరాదని అతడు హెచ్చరించాడు. గురక, నోటివెంట నురుగ, శ్రమతో ఆడే ఊపిరి చెడ్డ లక్షణాలు. తలనొప్పి, కళ్ళు తిరగడం, చూపు మసకబారడం, ఒళ్ళు బరువెక్కడం ముందస్తు సూచనలు. సక్తానుంచి బయటపడినవాడు చాలామటుకు ఫాలిజ్‌తో మిగిలిపోతాడు.

ఈ చివరి వాక్యం వెలుగులో ఇబ్రాహీమ్ కథను మళ్ళీ చదవాలి. తుమ్మి లేచి కూర్చుని, కల వివరంగా చెప్పినవాడికి మాట తడబడలేదు, చెయ్యి పడిపోలేదు. ఇబ్ను సీనా కొలమానంతో చూసినా, నేటి వైద్యుని కొలమానంతో చూసినా అది సక్తా కాదు. సక్తాను పోలిన మరొకటి. సాబిత్ బిన్ ఖుర్రా (మరణం 901) గురించి చెప్పే కథ కూడా ఈ కోవలోనిదే. దారిలో ఏడ్పులు విని ఒక కసాయి ఇంట్లోకి వెళ్ళి, చనిపోయాడనుకొన్న ఆ మనిషి మడమల దగ్గర కర్రతో కొట్టిస్తూ, నాడి తగిలేదాకా విడవక, మందు పట్టి లేపాడట. చచ్చినవాడిని బ్రతికించాడని ఊరంతా మోగింది. తానేదో మహిమ చేయలేదనీ, ఆ కసాయి కాలేయం కోసి ఉప్పుతో తినడం చూసి, ఇతనికి సక్తా తప్పదని ముందే మందు సిద్ధం చేసి ఉంచుకొన్నాననీ సాబిత్ ఖలీఫాకు విన్నవించాడు. వైద్యులకు కీర్తి తెచ్చినవి ఈ పునర్జన్మ కథలే. నిజమైన సక్తా రోగులు అలా లేచి కూర్చోరు. వారి గురించి కథలు పుట్టవు.

ఖననంలో తొందర, ఆలస్యం

ఇక్కడ వైద్యం ధర్మశాస్త్రంతో కలుస్తుంది. జనాజాను త్వరగా సాగనంపమని బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని హదీసు బోధిస్తున్నది. ముస్లిం సమాజం అంతటా ఇదే ఆచారం. మరి మరణమే సందేహాస్పదమైనప్పుడు?

సక్తాతో పడినవాని స్థితి స్పష్టమయ్యేవరకు ఖననం ఆపాలనీ, కనీసం 72 గంటలు వేచి ఉండాలనీ ఇబ్ను సీనా వ్రాశాడు. ఏకిన దూదిని ముక్కు దగ్గర ఉంచి ఊపిరి పరీక్షించడం, ఛాతీమీద నీటిపాత్ర ఉంచి నీరు కదులుతుందేమో చూడడం వంటి పద్ధతులు వైద్యులకు తెలుసు. ఇంతకు రెండు శతాబ్దాల ముందే ఇమామ్ షాఫియీ (మరణం 820) 'అల్ ఉమ్మ్'లో జనాజాలో త్వరపడటాన్ని ఇష్టపడుతూనే, పిడుగుపాటువంటి దెబ్బతో హఠాత్తుగా పోయినవాని విషయంలో ఒకటి, రెండు, మూడు రోజులైనా ఆగాలని మినహాయింపు చెప్పాడు. హంబలీ విద్వాంసుడు ఇబ్ను ఖుదామా (మరణం 1223) మరణం సందేహమైతే కాళ్ళు వదులుకావడం, ముక్కు ఒరగడం, కణతలు లోతుకుపోవడం వంటి గుర్తులు బయటపడేదాకా వేచి ఉండమన్నాడు.

త్వరపడటం మృతునికి గౌరవం. ఆగడం ప్రాణానికి గౌరవం. ధర్మవేత్తలు ఈ రెండింటిలో ఒకదానికోసం మరొకదానిని వదులుకోలేదు. ఏది ఎప్పుడు వర్తిస్తుందో నిర్ణయించే బాధ్యతను పరీక్షకు అప్పగించారు.

తారుమారైన కాలం

మెదడు కుహరాలలో కఫం అనే సిద్ధాంతాన్ని కదిలించినది శవపరీక్ష. స్విట్జర్లాండ్ వైద్యుడు యోహాన్ యాకోబ్ వెప్ఫర్ 1658లో ప్రచురించిన గ్రంథంలో, సక్తాతో మరణించినవారి మెదడులో రక్తం చిమ్మి ఉండటాన్ని వర్ణించాడు. రక్తనాళం పగలడమో, మూసుకొనిపోవడమో ఈ జబ్బుకు మూలమని క్రమంగా స్థిరపడింది. అయితే ఈ రెండింటినీ బ్రతికి ఉన్న మనిషిలో వేరుచేయడం 1971లో లండన్‌లో మొదటి రోగికి సీటీ స్కాన్ తీసేదాకా సులభం కాలేదు. మూసుకొనిపోయిన నాళంలోని గడ్డను కరిగించే మందు మూడు గంటలలోపు ఇస్తే మేలు చేస్తుందని 1995లో ప్రచురితమైన అమెరికా పరీక్ష నిరూపించింది. 2008లో వెలువడిన ఐరోపా పరీక్షతో ఆ గడువు నాలుగున్నర గంటలకు పెరిగింది. 2015నాటి పరీక్షల తరువాత, పెద్ద నాళంలోని గడ్డను సన్నని గొట్టం ద్వారా లాగివేసే చికిత్స కూడా స్థిరపడింది. అదే మందును నాళం పగిలి రక్తం చిమ్మినవారికి ఇస్తే ప్రాణాంతకం. కనుక జబ్బుకు సరైన పేరు పెట్టడం నేటికీ మొదటి చికిత్సే.

పోలికల జాబితా కూడా ముగియలేదు. రక్తంలో చక్కెర పడిపోయినవాడు అచ్చం పక్షవాతం వచ్చినవాడిలా కనిపించవచ్చు. వ్రేలినుంచి ఒక్క బొట్టు రక్తం తీసి చూస్తే తేలుతుంది. మూర్ఛ వచ్చిన తరువాత కొంతసేపు ఒక ప్రక్క చెయ్యి, కాలు లేవకపోవచ్చు. కొన్ని రకాల పార్శ్వపునొప్పిలో మాట తడబడుతుంది. ముఖనాడి దెబ్బతిన్న లఖ్వాలో నుదురు ముడిపడదు, కన్ను పూర్తిగా మూసుకోదు. మెదడు దెబ్బతిన్న లఖ్వాలో సాధారణంగా నుదురు ముడిపడుతుంది. ముఖంలో క్రిందిభాగం మాత్రమే జారుతుంది. నుదుటికి మెదడు రెండు ప్రక్కలనుంచీ ఆజ్ఞలు అందడమే ఇందుకు కారణం. ఈ తేడాను తేల్చవలసినది ఆసుపత్రిలో వైద్యుడు, ఇంట్లోవారు కాదు. ముఖం జారడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం — వీటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా వచ్చినా ఇంట్లోవారు చేయవలసిన పని, అది మొదలైన వేళ గుర్తుపెట్టుకొని, వెంటనే స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకొనిపోవడం.

విచారకరమైన విషయమేమంటే, వెయ్యేళ్ళ క్రితం వైద్యులు ఓపికగా వేరుచేసిన పేర్లు వాడుకలో మళ్ళీ కలగలిసిపోయాయి. ఉర్దూలోనూ, ఆ ప్రభావమున్న తెలుగులోనూ 'లఖ్వా' అనే మాటను వంకరపోయిన మూతికీ, పడిపోయిన ఒక ప్రక్కకూ ఒకేలా వాడుతున్నారు. లఖ్వాయే కదా, నెమ్మదిగా తగ్గుతుంది అనుకొని నాటుమందుతో రెండు రోజులు గడిపినవారికి ఆ పేరే గడువు మింగివేస్తుంది.

ఇబ్ను సీనా మూడు రోజులు ఆగమన్నది రోగి ప్రాణంకోసం. నేటి వైద్యుడు ఒక్క నిమిషం కూడా ఆగవద్దనేది ఆ ప్రాణంకోసమే. కాలం తారుమారైంది, నియమం మారలేదు. పరీక్షించకుండా పేరు పెట్టరాదు. సూది మొనతోనైనా, స్కానుతోనైనా, కఫన్ కప్పిన మనిషిని కూడా మరొక్కసారి చూడాలన్న ఆ భారతీయ వైద్యుని పట్టుదల ఇందుకే స్మరణీయం.